కారు ఇంజిన్ స్టార్ట్ కాకపోవడం: లోపాన్ని గుర్తించే పద్ధతి

పెట్రోలు, డీజిల్ ఇంజిన్లు తమంతట తాము కదలిక మొదలుపెట్టలేవు. బయటి శక్తి ఏదో ఒకటి ముందుగా క్రాంక్‌షాఫ్టును తిప్పాలి. ఇప్పటి కార్లలో ఆ పని బ్యాటరీతో నడిచే స్టార్టర్ మోటారుది. మన మెకానిక్‌లు, డ్రైవర్లు దీన్ని ‘సెల్ఫ్’ అంటారు. సెల్ఫ్ ఇంజిన్‌ను నిమిషానికి సుమారు 200 చుట్ల వేగంతో తిప్పుతుంది. ఆ కొద్ది క్షణాల్లోనే సిలిండర్లలోకి గాలి చేరాలి, పిస్టన్లు దాన్ని అదిమిపట్టాలి, తగుపాళ్లలో ఇంధనం కలవాలి, సమయానికి మంట పుట్టాలి. అన్నీ కుదిరితే ఇంజిన్ అందుకుంటుంది. ఒక్కటి తప్పినా అందుకోదు.

మెకానిక్ షెడ్డుకు వచ్చే ఫిర్యాదు మాత్రం ఎప్పుడూ ఒకటే: ‘బండి స్టార్ట్ అవట్లేదు’. ఈ మాట కింద రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి. మొదటిది, సెల్ఫే తిరగకపోవడం. రెండోది, సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం. మొదటిదానికి కారణం దాదాపు ఎప్పుడూ బ్యాటరీ, వైర్లు, స్విచ్చులు, సెల్ఫ్ మోటారుల్లోనే దొరుకుతుంది. అప్పుడు పెట్రోలు పంపునూ ప్లగ్గులనూ అనుమానించడం అనవసరం. రెండోదానికి కారణం మంట, ఇంధనం, సిలిండర్ ఒత్తిడి, తాళం భద్రతా వ్యవస్థ వైపు ఉంటుంది. అప్పుడు కొత్త బ్యాటరీ కొంటే డబ్బు పారబోసినట్టే. ఈ విభజనతోనే సగం పని అయిపోతుంది. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు, తాళం తిప్పినప్పుడు వచ్చే శబ్దాన్ని శ్రద్ధగా వింటే చాలు. ఇది తేల్చుకోకుండానే ఒకటి తర్వాత ఒకటి విడిభాగాలు మార్చి చూడటం చాలా చోట్ల అలవాటుగా మారింది. దానివల్ల యజమాని జేబు ఖాళీ అవుతుంది, అసలు కారణం తెలియకుండానే మిగిలిపోతుంది.

హ్యాండిల్ నుంచి బటన్ దాకా

దారిలో మొరాయించిన కారుకు రోగం కనిపెట్టి బాగుచేసిన తొలి మనుషుల్లో బెర్తా బెంజ్ ఒకరు. 1888 ఆగస్టులో ఆమె తన ఇద్దరు కొడుకులతో, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల కారులో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు బయల్దేరారు. ఇంధన గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేశారు. మంట వైరు ఒరుసుకుపోతే మేజోడు బిగించే సాగే పట్టీ చుట్టి కాపాడారు. ఇంధనం అయిపోతే వీస్లోక్ ఊళ్లో మందుల దుకాణంలో కొన్నారు. ఆమెను ఆపినవి ఇంధనం, మంటలకు చెందిన లోపాలే. నేటి కార్లలోనూ సెల్ఫ్ తిరిగాక వెతికే మొదటి రెండు చోట్లు అవే.

తొలినాళ్ల కార్లను ముందువైపు హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పేవారు. ఇంజిన్ ఒక్కసారిగా ఎదురు తన్నితే మణికట్లు విరిగేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లతో వచ్చింది. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే మంట వ్యవస్థను అంతకు ముందే అదే కంపెనీ కార్లకు అందించింది కూడా ఆయనే. మన దేశంలో అంబాసిడర్ కారుకు సెల్ఫ్ ఉన్నా, హ్యాండిల్ దూర్చే ఏర్పాటు చాలాకాలం ఉంచారు. బ్యాటరీ డౌన్ అయిన ఉదయాన డ్రైవరు డిక్కీలోంచి హ్యాండిల్ తీసేవాడు.

1983 చివర్లో వచ్చిన మారుతి 800 కార్బ్యురేటర్ బండి. చల్లటి పూట చోక్ లాగి స్టార్ట్ చేయాలి. ఎక్కువసేపు లాగి ఉంచితే ప్లగ్గులు పెట్రోలుతో తడిసిపోయేవి. 2000 ప్రాంతంలో భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు మొదలయ్యాక కార్లలో కార్బ్యురేటర్ స్థానాన్ని, ప్రతి సిలిండర్‌కూ విడిగా ఇంధనం చిమ్మే ఎంపీఎఫ్ఐ పద్ధతి ఆక్రమించింది. చోక్, పాయింట్లు, డిస్ట్రిబ్యూటర్ పోయాయి. సెన్సర్లు, రిలేలు, ఈసీయూ అనే కంప్యూటర్ పెట్టె వచ్చాయి. చూపుతోనే తెలిసిపోయే లోపాలు తగ్గాయి, కొలిచి చూడాల్సినవి పెరిగాయి.

సెల్ఫ్ తిరగనప్పుడు

తాళం ఆన్ చేసినా డాష్‌బోర్డులో ఒక్క లైటూ వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి ఉండాలి, లేదా టెర్మినల్ ఊడి ఉండాలి, లేదా మెయిన్ ఫ్యూజు పోయి ఉండాలి. లైట్లు వెలిగి, తాళం తిప్పగానే టకటకటక అని వరసగా శబ్దం వస్తే బ్యాటరీలో కరెంటు చాలడం లేదని అర్థం. సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే సోలినాయిడ్ అనే స్విచ్‌ను లాగడానికి సరిపడా ఉంది, మోటారును తిప్పడానికి సరిపోదు. మోటారు కరెంటు లాగగానే వోల్టేజి పడిపోయి సోలినాయిడ్ వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది, సోలినాయిడ్ మళ్లీ పట్టుకుంటుంది. ఆ చప్పుడు అదే. ఒక్కసారి మాత్రమే ‘టక్’మని ఆగిపోతే, లైట్లు కూడా కాంతి తగ్గకుండా ఉంటే, సెల్ఫ్ మోటారులోని కార్బన్ బ్రష్‌లనో సోలినాయిడ్ కాంటాక్టులనో అనుమానించాలి. అదే ‘టక్’తో లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ బలహీనంగా ఉండాలి, లేదా సెల్ఫ్‌గానీ ఇంజిన్‌గానీ పట్టేసి ఉండాలి. మోటారు మాత్రం జుయ్యిమని ఒంటరిగా తిరిగి ఇంజిన్ కదలకపోతే, ఫ్లైవీల్ పళ్లను సెల్ఫ్ పినియన్ అందుకోవడం లేదు. ఏ చప్పుడూ లేకపోతే స్విచ్, రిలే, క్లచ్ పెడల్ స్విచ్ చూడాలి. ఆటోమేటిక్ కారైతే గేరు లివర్ ‘పార్క్’లో సరిగ్గా పడిందో లేదో చూడాలి. న్యూట్రల్‌లో పెట్టి ప్రయత్నిస్తే కొన్నిసార్లు అప్పటికప్పుడే స్టార్ట్ అవుతుంది. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో బ్రేకు గట్టిగా తొక్కకపోవడం కూడా కారణమే.

హెడ్‌లైట్ల పరీక్ష పాతదే అయినా ఇప్పటికీ పనికొస్తుంది. లైట్లు వేసి సెల్ఫ్ కొట్టాలి. అవి బాగా మసకబారితే బ్యాటరీ లేదా కనెక్షన్లు. ఏమాత్రం మసకబారకపోతే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లడం లేదు. పూర్తిగా ఆరిపోతే టెర్మినల్ వదులుగా ఉందని దాదాపు ఖాయం.

బ్యాటరీ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తిరగని సెల్ఫుల్లో ఎక్కువ భాగం అక్కడే తేలతాయి. 1859లో ఫ్రాన్స్‌లో గాస్తోన్ ప్లాంటే కనిపెట్టిన సీసం–ఆమ్లం బ్యాటరీయే నేటికీ కారుకు ఆధారం. సుమారు 2.1 వోల్టుల చొప్పున ఆరు సెల్లులు వరసగా కలిపితే 12.6 వోల్టులు. బండిని కొన్ని గంటలు ఆపి ఉంచాక మల్టీమీటరుతో కొలిస్తే నిండు బ్యాటరీ ఆ అంకెను చూపుతుంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 కిందకు దిగితే దాదాపు ఖాళీ. అయితే నిలకడగా ఉన్నప్పటి వోల్టేజి ఒక్కటే చూసి బ్యాటరీ మంచిదని తీర్పు చెప్పడం పొరపాటు. ప్లేట్లు చచ్చిన బ్యాటరీ కూడా 12.5 చూపగలదు, బరువు పడగానే కూలిపోతుంది. అసలు పరీక్ష సెల్ఫ్ కొడుతున్నప్పుడు కొలవడం. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ కూడా వంద ఆంపియర్లకు మించి లాగుతుంది, డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. ఆ సమయంలో వోల్టేజి 9.6కు పైన నిలవాలి. అంతకంటే దిగితే బ్యాటరీని ఛార్జి చేసి మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ నిలవకపోతేనే మార్చాలి.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా కనిపించాలి. ఇది చూడకుండా బ్యాటరీ మారిస్తే, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు పాడైన బండిలో కొత్త బ్యాటరీ కూడా వారం తిరక్కుండానే పడుకుంటుంది. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగును అవసరాన్ని బట్టి తగ్గిస్తుంది కాబట్టి, అంకె కాస్త తక్కువ కనిపించగానే ఆల్టర్నేటరును తప్పుపట్టకూడదు.

కదలకుండా నిలిపి ఉంచిన బండి కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. గడియారం, అలారం, కంప్యూటర్ జ్ఞాపకశక్తి కలిసి 50 మిల్లీ ఆంపియర్ల లోపు లాగడం మామూలు. అంత లాగినా రోజుకు 1.2 ఆంపియర్ గంటలు పోతాయి. చిన్న కారులో ఉండే 35 ఆంపియర్ గంటల బ్యాటరీ ఆ లెక్కన రెండు వారాల్లో సగానికి వస్తుంది. 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత తీసిన కార్లు చాలా చోట్ల మొరాయించడానికి ఇదే కారణం. విడిగా పెట్టించుకున్న మ్యూజిక్ సిస్టమ్, కెమెరా, జీపీఎస్ పరికరం తప్పుగా కలిపి ఉంటే బ్యాటరీ ఖాళీ కావడానికి ఒక్క రాత్రి చాలు.

బ్యాటరీకి అసలు శత్రువు ఎండ. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా లోపలి క్షయం సుమారు రెట్టింపవుతుందని మోటు లెక్క. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది, బానెట్ కింద ఇంకా ఎక్కువ. ఎండలో దెబ్బతిన్న బ్యాటరీ, మంచు పడే ఉదయం ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మీద బరువు పెరిగినప్పుడు చేతులెత్తేస్తుంది. చలికాలంలో పోయిందని అందరూ అనుకుంటారు గానీ అది దెబ్బతిన్నది వేసవిలోనే. తిరుపతి దగ్గర కరకంబాడి కేంద్రంగా పెరిగిన అమరరాజా సంస్థ బ్యాటరీలు నేడు దేశమంతటా కార్లలో కనిపిస్తాయి. ఎవరు తయారుచేసినా వేడికి అరిగే రసాయనం ఒకటే కాబట్టి, మూడేళ్లు దాటిన బ్యాటరీని ఏటా వేసవి ముగిశాక లోడ్ పరీక్ష చేయించడం మంచిది.

టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి, నీలిపచ్చ పొడి కరెంటుకు అడ్డుగోడ. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే పోయే లోపానికి కొత్త సెల్ఫ్ మోటారు కొన్నవాళ్లున్నారు. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరునూ మరవకూడదు. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగెటివ్ పోల్‌కూ ఇంజిన్ ఇనుముకూ మధ్య మీటరు పెడితే 0.2 వోల్టుల లోపు చూపాలి. అర వోల్టు దాటితే ఎర్త్ చెడింది.

మరో కారు నుంచి కేబుళ్లతో కరెంటు తీసుకునేటప్పుడు వరస ముఖ్యం. ఎర్ర కేబులు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్ల కేబులు మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస చచ్చిన కారు ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి తగిలించాలి. చివరి కొసను బ్యాటరీకే తగిలిస్తే అక్కడ రేగే నిప్పురవ్వ, బ్యాటరీ వదిలే హైడ్రోజన్‌ను అంటించే ప్రమాదం ఉంది. తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేరు బండ్లకే సాధ్యం. అప్పుడు కూడా పంపు, కంప్యూటరు పనిచేయడానికి బ్యాటరీలో కొంతైనా ప్రాణం ఉండాలి.

తిరుగుతుంది, అందుకోదు

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే ముందు డాష్‌బోర్డు చూడాలి. తాళం బొమ్మ లేదా తాళం ఉన్న కారు బొమ్మ మినుకుమినుకుమంటే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తించడం లేదు. తాళం పిడిలో ఉండే చిన్న చిప్‌ను కారు చదవలేకపోతే కంప్యూటరు ఇంధనాన్నీ మంటనూ ఆపేస్తుంది. కొన్ని కార్లలో ఇంజిన్ అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది, మరికొన్నింటిలో సెల్ఫే తిరగదు. ఇంట్లో ఉన్న రెండో తాళంతో ప్రయత్నించడమే మొదటి పరీక్ష. బటన్ కారులో తాళం లోపలి నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోతే, తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్లలో పని జరుగుతుంది.

తర్వాత ఇంధనం. ఎంపీఎఫ్ఐ పెట్రోలు కారులో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి పంపు రెండు సెకన్ల పాటు గుయ్యిమనాలి. కారులో పాటలు, ఏసీ ఆపి వింటే తెలుస్తుంది. ఆ శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, వైరు, పంపు ఆ వరసలో చూడాలి. ఫ్యూజు పెట్టెలో హారన్ రిలే సరిగ్గా అదే నంబరుది అయితే దాన్ని పంపు రిలే చోట పెట్టి చూడటం ఖర్చులేని పరీక్ష. అరిగిపోయిన పంపు ఉన్న ట్యాంకును కింద నుంచి అరచేత్తో తడితే ఒక్కోసారి తిరుగుతుంది. అలా తిరిగిందంటే పంపు రోజులు దగ్గరపడ్డట్టే, బండి ఇంటికి చేరగానే మార్చాలి. శబ్దం ఉన్నంత మాత్రాన ఒత్తిడి ఉన్నట్టు కాదు. మామూలు ఎంపీఎఫ్ఐలో 3 నుంచి 4 బార్ ఉండాలి, గేజి పెడితేనే తేలుతుంది. మీటరు ముల్లు అబద్ధం చెప్పే బండ్లూ ఉంటాయి కాబట్టి, అన్నిటికంటే ముందు ట్యాంకులో పెట్రోలు ఉందని నమ్మకం కుదుర్చుకోవాలి. సీఎన్‌జీ కార్లలో చాలావరకు పెట్రోలుతో స్టార్ట్ అయి ఆ తర్వాత గ్యాసుకు మారతాయి. గ్యాసు నిండుగా ఉన్నా పెట్రోలు లేక ఆగిపోయే బండ్లు అందుకే కనిపిస్తాయి.

ఇథనాల్ కలిసిన పెట్రోలుకు నీటిని పీల్చుకునే గుణం ఉంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. పంపు పీల్చేది అడుగు నుంచే. దేశంలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వాడకంలోకి వచ్చిన నేపథ్యంలో, వానాకాలంలో నెలల తరబడి కదలని కార్ల విషయంలో దీన్ని గుర్తుంచుకోవాలి. పెట్రోలు కాస్త గాజుసీసాలోకి తీసి నిలకడగా ఉంచితే రెండు పొరలు కంటికే కనిపిస్తాయి.

మంటను చూడాలంటే ప్లగ్గు విప్పాలి. ప్లగ్గు తడిసి పెట్రోలు వాసన వేస్తే ఇంధనం వస్తోంది, మంట లేదు లేదా ఇంధనం మరీ ఎక్కువైంది. పొడిగా, శుభ్రంగా ఉంటే ఇంధనమే రావడం లేదు. ఈ ఒక్క చూపు దారిని రెండుగా చీలుస్తుంది కాబట్టి, గేజిలూ స్కానర్లూ లేని చోట దీనికి మించిన పరీక్ష లేదు. కాయిల్ 12 వోల్టులను 20 వేల వోల్టులకు పైగా పెంచుతుంది. వైరు చేత్తో పట్టుకుని మంట చూసే పాత పద్ధతి మనిషికీ ప్రమాదం, కంప్యూటరుకూ ప్రమాదం. ఎర్త్ చేసిన స్పార్క్ టెస్టరు వాడాలి. పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిస్తే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. చాలా ఎంపీఎఫ్ఐ కార్లలో కంప్యూటరు అప్పుడు ఇంధనం ఆపి గాలి మాత్రమే పంపి సిలిండర్లను ఆరబెడుతుంది.

మంట, ఇంధనం రెండూ ఒకేసారి లేకపోతే రెండు భాగాలు కలిసి చెడ్డాయని అనుకోకూడదు. రెండింటికీ ఆధారమైన ఒక్కదాన్ని వెతకాలి. అది తరచూ క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ అవుతుంది. ఇంజిన్ ఏ స్థితిలో తిరుగుతోందో అది చెబితేనే కంప్యూటరు మంట, ఇంధనం వదులుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ వేగం చూపే ముల్లు కాస్తైనా లేవకుండా సున్నా దగ్గరే ఉంటే చాలా కార్లలో అనుమానం దీని మీదే.

ఇంజిన్ ఎప్పటికంటే వేగంగా, బరువు లేనట్టు, ఎగుడుదిగుడు లేని ఒకే శబ్దంతో తిరిగితే వెంటనే సెల్ఫ్ ఆపేయాలి. టైమింగ్ బెల్టు తెగిందేమో చూడాలి. వాల్వులు కదలక ఒత్తిడి పుట్టకపోతే శబ్దం అలా మారుతుంది. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్ది వంచుతాయి, సెల్ఫ్ కొట్టిన కొద్దీ నష్టం పెరుగుతుంది. ఆయిల్ పోసే మూత తీసి, మరొకరు ఒక్క క్షణం సెల్ఫ్ కొడుతుంటే లోపల క్యామ్‌షాఫ్ట్ కదులుతోందో లేదో కొన్ని బండ్లలో చూడవచ్చు.

డీజిల్ బండి తీరు

డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గు మంట లేదు. గాలిని గట్టిగా నొక్కి పుట్టించిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. అందుకే నెమ్మదిగా తిరిగే సెల్ఫ్ పెట్రోలు బండికంటే డీజిల్‌ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. స్టార్ట్ చేసే ముందు సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులు చలిప్రాంతాల్లో ప్రాణం లాంటివి, కోస్తా ఎండల్లో వాటి లోపం బయటపడటమే అరుదు. లంబసింగి చలిలో తెల్లవారుజామున మాత్రం తెలుస్తుంది. ఎక్కువగా ఎదురయ్యే సమస్య గాలి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టరు మార్చినా లైన్లలోకి గాలి చేరుతుంది. చేతిపంపు ఉన్న బండిలో అది గట్టిపడేదాకా కొట్టి గాలి తీయాలి. డీజిల్ కారులో పొరపాటున పెట్రోలు పోస్తే తాళం కూడా ఆన్ చేయకూడదు. డీజిల్‌తోనే తడిసి అరగకుండా ఉండే హైప్రెషర్ పంపు, పెట్రోలు తగిలితే ఒరుసుకుపోతుంది. ముందు ట్యాంకు ఖాళీ చేయించాలి.

నీట మునిగిన కారు

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో వేల కుటుంబాలకు కారు నీట మునిగే కష్టం వచ్చింది. నీళ్లు తగ్గగానే స్టార్ట్ చేసి చూడాలనిపించడం సహజం, కానీ అదే పెద్ద నష్టం తెస్తుంది. గాలి నలుగుతుంది, నీరు నలగదు. సిలిండర్లో నీరుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ మధ్యలోనే ఆగి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు బ్యాటరీ తీసేయాలి. ఎయిర్ ఫిల్టరు తడిసిందా, ఆయిల్ పాలరంగుకు మారిందా చూడాలి. ప్లగ్గులు విప్పి, నీరు బయటికి వచ్చేలా ఇంజిన్‌ను చేత్తో తిప్పాలి. మునిగాక స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌కు జరిగే నష్టాన్ని మామూలు బీమా పాలసీ సాధారణంగా భరించదు. ఇంజిన్ రక్షణ కోసం విడిగా తీసుకున్న కవరేజి ఉంటే దాని షరతులు చూసుకోవాలి. కారును లాగించి తీసుకెళ్లడమే చవక.

స్కానర్ ఏం చెబుతుంది

స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్టుకు స్కానర్ కలిపితే కంప్యూటరు దాచుకున్న కోడ్లు కనిపిస్తాయి. పీ0335 క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ సర్క్యూటుకు, పీ0340 క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ సర్క్యూటుకు, పీ0087 ఇంధన రైల్ ఒత్తిడి తగ్గడానికి సంకేతాలు. ఈ కోడ్లను తీర్పులుగా తీసుకోవడమే ఇవాళ ఎక్కువగా జరుగుతున్న తప్పు. పీ0335 అంటే కంప్యూటరుకు ఆ సంకేతం సరిగ్గా అందలేదని మాత్రమే. సెన్సర్ చెడి ఉండవచ్చు, ప్లగ్ వదులై ఉండవచ్చు, బానెట్ కింద ఎలుకలు వైరు కొరికి ఉండవచ్చు. రాత్రుళ్లు వెచ్చని ఇంజిన్ దగ్గర చేరే ఎలుకలు మన ఊళ్లలో చిన్న కారణమేమీ కాదు. సెన్సర్ కొనేముందు దాని వైరును కొసనుంచి కొసదాకా కంటితో చూసి, వేలితో తడిమి, మీటరుతో కొలవాలి.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, దూరం నడిచి వేడెక్కాక మొరాయించి, అరగంట ఆగితే మళ్లీ మామూలుగా నడిచే బండి మెకానిక్‌కు పెద్ద పరీక్ష. షెడ్డుకు చేరేసరికి లోపం మాయమవుతుంది, కోడు కూడా నమోదు కాకపోవచ్చు. వేడికి లోపలి తీగచుట్ట తెగి, చల్లారాక కలిసే క్రాంక్ సెన్సర్, వేడెక్కిన పంపు మోటారు, టంకం విడిచిన రిలే ఇలా ప్రవర్తిస్తాయి. ఇలాంటి బండిని యజమానితో కలిసి వేడెక్కేదాకా నడిపి, ఆగిన చోటే పరికరాలు బయటికి తీయాలి. మొరాయిస్తున్న ఆ కాసేపట్లోనే పంపు శబ్దం, ప్లగ్గు మంట, ఇంజిన్ వేగం చూపే ముల్లు, మూడూ చూసి రాసుకోవాలి. చల్లారాక కొలిస్తే అన్నీ సరైన అంకెలే చూపుతాయి.